నూట ఎనభై మూడు రాత్రులు

ఉదయం తొమ్మిది ఇరవైకి నేను మూడో అంతస్తు ఎక్కేసరికి ఫ్లాటు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల స్కేలు నిలబడి వంటింటి గట్టు మీద కాగితాలు పరుస్తున్నాడు.

పొద్దున్నే ఎవరి మొహం చూశానో అనుకున్నాను.

జేబులో ఎప్పుడూ ఆరంగుళాల స్టీలు స్కేలు పెట్టుకు తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. మా దేశం పన్నుల శాఖలో విచారణాధికారి. అంతకుముందు విమానాశ్రయంలో నా పక్క కౌంటర్లో రెండేళ్ళు పాస్‌పోర్టుల మీద ముద్రలు కొట్టాడు. నేను ఇరవై రెండేళ్ళు కొట్టాను. అక్కడ నన్ను స్టాంపక్క అనేవారు. ఆ ఉద్యోగం వదిలేసి డిటెక్టివ్ పనిలో పడ్డా ఆ పేరు మాత్రం నన్ను వదల్లేదు.

"ఆలస్యంగా వచ్చారు మేడమ్. కేసు అయిపోయింది," అన్నాడు.

"నీకు ఎప్పుడూ అంతే. పాస్‌పోర్టు తెరవకముందే ముద్ర కొట్టేసేవాడివి."

"ఈసారి తెరిచే కొడుతున్నాను, ఇంటి యజమాని చేత ఈ తలుపు కూడా తీయించాను. ఈ ఇంట్లో ఎవరూ ఉండటం లేదు. ఉంటున్నట్టు నాటకం ఆడుతున్నారు. సాయంత్రం ఐదుకి నా రిపోర్టు వెళ్తుంది. రేపు మన దేశంలో వాళ్ళ ఇంటికి నోటీసు అంటిస్తారు."

నన్ను పంపింది ఆ ఇంటావిడే. ఆస్పత్రిలో హెడ్ నర్సు. ఆమె భర్త ముప్పై ఏళ్ళు పళ్ళ సెట్లు చేశాడు. డాక్టరు కాదు, డాక్టర్లు కొలతలు పంపితే సున్నపు అచ్చులు పోసి, గులాబీరంగు చిగుళ్ళలో పళ్ళు అమర్చి పంపే మనిషి. తెలిసినవాళ్ళందరికీ పళ్ళాయన. యాభై తొమ్మిదో ఏట ల్యాబు అమ్మేశాడు. కాళ్ళు చాపుకుని కూర్చుంటే పిచ్చెక్కుతుందని, సగం రిటైర్మెంట్ అంటూ ఈ పరాయి దేశపు చిన్న ఊరికి వచ్చాడు. వారానికి రెండు రోజులు ఇక్కడి క్లినిక్‌లో పని, మిగతా ఐదు రోజులు తన ఇష్టం. భార్యకి ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. అది అయ్యాక ఆమె కూడా వచ్చేయాలని ఇద్దరూ అనుకున్నారు.

ఇలా వచ్చేవాళ్ళ మెడకి ఒక లెక్క చుట్టుకుంటుంది. ఏడాదిలో నూట ఎనభై మూడు రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశం మనిషి. అన్ని రోజులూ ఇక్కడే, ఇదే చిరునామాలో ఉన్నట్టు రుజువైతే ఇక్కడి ఆఫీసు నివాస ధ్రువపత్రం ఇస్తుంది. అది చేతికొస్తే ల్యాబు అమ్మిన సొమ్ముకి ఇక్కడి చిన్న పన్ను కట్టి బయటపడొచ్చు. రాకపోతే మా దేశం పెద్ద వాటా పట్టుకుపోతుంది. అందాకా ఆ సొమ్ముకి బ్యాంకు తాళం వేసి ఉంచుతుంది. ఈ వ్యవహారమంతా చూస్తున్నది హెడ్ నర్సు తమ్ముడు. ఆడిటరు.

ఆమె నా దగ్గరికి వచ్చింది డబ్బు కోసం కాదు.

"ఆయన గొంతు విని అరవై రెండు రోజులైంది మేడమ్," అంది. "మెసేజిలు మాత్రం రోజూ వస్తాయి. బాగున్నాను, లెక్క పూర్తయ్యేదాకా ఫోన్లు వద్దు అని. మధ్యలో నాకు మోకాలి ఆపరేషన్ అయింది. ఎలా ఉందని ఒక్కసారి అడగలేదు. ఆ మనిషి అడక్కుండా ఉండడు. పోలీసులేమో మెసేజిలు వస్తున్నాయిగా, ఇంకేం కావాలంటారు. మా తమ్ముడేమో బావకి చాదస్తం ఎక్కువైందక్కా, వదిలెయ్ అంటాడు. నేను నర్సుని. మనిషి బతికున్నాడని మెసేజి చూసి రాసుకోను, నాడి పట్టుకుని రాసుకుంటాను."

ఆ చివరి మాటకే నేను విమానం ఎక్కాను.

స్కేలు గట్టు మీద ఆరు కవర్లు వరసగా పెట్టాడు. నెలకో కవరు. లోపల రొట్టె కొన్న చీటీలు, బట్టలు ఉతికించిన చీటీలు, కరెంటు రీడింగులు, నీళ్ళ రీడింగులు.

"చూడండి. రోజూ ఎనిమిది పదికి రొట్టె. అదే కొట్టు, అదే రొట్టె. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు. మనిషన్నవాడు ఇలా బతుకుతాడా?"

"నువ్వు బతుకుతావు."

నేను కవర్లన్నీ నా వైపు లాక్కుని మొదటి నెల చీటీలు తీశాను. ఇందులో రొట్టె మూడు రోజులకోసారి. ఒకసారి పదింటికి, ఒకసారి సాయంత్రం ఏడుకి. ఒక చీటీ వెనక ఎవరిదో దవడ బొమ్మ గీసుంది. రెండో నెలా ఇంతే గజిబిజి. నాలుగో నెల దాకా ఇంతే. ఐదో కవరు మొదట్లో మాత్రం ఉన్నట్టుండి చీటీలన్నీ బుద్ధిమంతులైపోయాయి.

నాకో జబ్బుంది. కాగితాలు గజిబిజిగా ఉంటే నమ్ముతాను, శుభ్రంగా ఉంటే నిద్ర పట్టదు.

"స్కేలూ, ఇక్కడ అతుకు ఉంది. దీనికి ముందున్నవన్నీ నిజం. తర్వాతవి వేరే ఎవరో పేర్చినవి. నాటకమే ఆడాలనుకుంటే మొదటి రోజు నుంచీ ఆడొచ్చుగా? నాలుగు నెలలు నిజంగా ఉండి, ఆ తర్వాత ఎందుకు మొదలెడతాడు?"

"విసుగొచ్చి ఇంటికి పోయుంటాడు. దొడ్డిదారిన."

"పెళ్ళాం దగ్గరికి పోకుండానా?"

"ఆవిడ చెప్పిందే వేదమా? పాలు తాగే పిల్లి కళ్ళు మూసుకుంటుంది మేడమ్. ఆవిడా కళ్ళు మూసుకుందేమో."

కోపం వచ్చింది. మాట పారేసుకోకుండా స్నానాలగదిలోకి పోయాను.

సబ్బు ఎండి బీటలు వారింది. తువ్వాలు మడత విప్పలేదు. నీళ్ళ మీటరు మాత్రం రోజూ తిరుగుతోందని చీటీలు చెబుతున్నాయి. అంటే ఎవరో పంపు తిప్పి వదిలేస్తున్నారు. అద్దం కింద గ్లాసులో ఒక దువ్వెన, ఒక కత్తెర ఉన్నాయి. పళ్ళ బ్రష్ లేదు. పేస్టూ లేదు. ముప్పై ఏళ్ళు పళ్ళ మీదే బతికిన మనిషి దేన్ని మరిచిపోయినా బ్రష్ మరిచిపోడు. ఎవరో లాక్కుపోయినవాడు బ్రష్ సర్దుకోడు. ఆయన తన కాళ్ళ మీదే, తన ఇష్టంతోనే ఈ గడప దాటాడు. త్వరగా వచ్చేద్దామనుకుని దాటాడు, ఎందుకంటే గదిలో పెద్ద పెట్టె అలాగే ఉంది.

కిటికీ పక్క ఆయన పనిబల్ల, దాని పైన గోడ క్యాలెండరు.

ప్రతి తేదీ గడిలోనూ ఒక నీలి మరక. పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడటానికి కొరికిస్తారే, ఆ నీలి కాగితం మరక. బల్ల మీద దాని కట్ట కూడా ఉంది. పళ్ళాయన పెన్ను వాడకుండా తన పనిముట్టుతోనే రోజులు లెక్కపెట్టుకున్నాడు. క్యాలెండరు నెత్తిన ఆయన చేత్తో రాసుకున్న ముక్క ఒకటి: "రాత్రి గడిస్తేనే లెక్క. మర్నాడు పొద్దున గుర్తు."

మరకలు లెక్కపెట్టాను. నూట ఇరవై. ఆ తర్వాత గడి నుంచి మరకలు లేవు, బాల్‌పెన్నుతో టిక్కులు. అరవై మూడు టిక్కులు.

"మొత్తం నూట ఎనభై మూడు," అన్నాడు నా భుజం మీదుగా చూస్తూ స్కేలు. "ఇవాళ్టితో సరిపోయింది. ఎంత చక్కగా ఉందో!"

"సరిపోలేదు. ఇవాళ్టి గడి చూడు. ఇంకా పది కూడా కాలేదు, అప్పుడే టిక్కు పడింది."

"అయితే?"

"ఈ దేశంలో రాత్రుళ్ళు లెక్క. ఇక్కడ పడుకుని లేస్తేనే ఒక రోజు. మన దేశంలో గడప తొక్కినా ఒక రోజే, వెళ్ళిపోయిన రోజూ ఒక రోజే. ఇరవై రెండేళ్ళు అదే ముద్ర కొట్టాను, నాకు తెలీదా? పళ్ళాయన ఇక్కడి రూలు తెలుసుకుని రాత్రి గడిచాక మరక పెట్టాడు. ఈ టిక్కులు పెట్టించినవాడు మన రూలు తెలిసినవాడు. పొద్దున్నే రోజు అయిపోయిందనుకున్నాడు."

స్కేలు తన స్కేలు తీసి గడి పక్కన పెట్టాడు, కొలవడానికి అక్కడేమీ లేకపోయినా. ఆలోచన వస్తే అతని చేతులు అలా కదులుతాయి.

తొమ్మిది యాభైఐదుకి హెడ్ నర్సుకి మెసేజి పెట్టాను. క్యాలెండర్లో ఆయన గుర్తులు నూట ఇరవయ్యో రోజుదాకా ఉన్నాయని, ధ్రువపత్రానికి మనిషి స్వయంగా రావాలి కాబట్టి పదకొండున్నరకి నివాసాల ఆఫీసుకి వెళ్తున్నానని రాశాను. ఆమె మనసు కుదుటపడుతుందనుకున్నాను. ఆ మెసేజి ఒక గంట ఆగి పెట్టి ఉంటే బాగుండేది. ఆ తప్పు నాది.

పంపాక పనిబల్ల సొరుగు లాగాను. పళ్ళ అచ్చుల కింద ఒక ఫారం ఉంది. తన బదులు సంతకం పెట్టడానికి వేరొకరికి ఇచ్చిన అధికార పత్రం రద్దు చేసుకుంటున్నట్టు నింపి, నూట ఇరవయ్యో రోజు తేదీ వేసి, సంతకం పెట్టకుండా ఉంచాడు. కారణం అన్న చోట "నేనే ఇక్కడ ఉన్నాను, నా సంతకం నేను పెట్టుకోగలను" అని ఉంది. ఎవరి మీదా ఫిర్యాదు లేదు. చక్కబెట్టుకునే మనిషి చక్కబెట్టుకునే పని.

"ఆ అధికారం ఎవరి పేరు మీద ఉంది?" అన్నాడు స్కేలు.

"బావమరిది."

"ఆడిటరు."

"ఊఁ."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అతను ముందు చూపు తిప్పుకున్నాడు.

అప్పుడే గుమ్మంలో అలికిడి. యాభై ఏళ్ళావిడ, ఒక చేతిలో తాళంచెవి, ఇంకో చేతిలో ఇస్త్రీ చేసిన నాలుగు చొక్కాలు. కింది అంతస్తులో లాండ్రీ ఆమెది. మమ్మల్ని చూసి వెనక్కి తిరగబోయింది.

"రండమ్మా, మీ కోసమే చూస్తున్నాం," అన్నాను. "పళ్ళాయన్ని చివరిసారి ఎప్పుడు చూశారు?"

"రోజూ చూస్తానమ్మా. పొద్దున కూడా రొట్టె తెచ్చుకున్నారు."

"ఎనిమిది పదికేనా?"

"ఆ, అప్పుడే."

"ఆ రొట్టె ఎక్కడుంది?"

ఆమె చూపు ఖాళీ వంటింటి వైపు పోయింది.

నేను చొక్కాలు అందుకుని ఒకదాని మణికట్టు తిప్పి చూశాను. "నాలుగో నెల దాకా చీటీల మీద సున్నపు మరకలు అని మీరే రాసుకున్నారు, అదనపు ఛార్జీ కూడా వేశారు. ఆ తర్వాత ఒక్క మరకా లేదు. వారం వారం ఇవే నాలుగు చొక్కాలు. తొడుక్కోని చొక్కాలు ఎందుకు ఉతుకుతున్నారమ్మా?"

"చెప్పమ్మా," అని స్కేలు ఉరిమాడు. "ప్రభుత్వాన్ని మోసం చేస్తే ఏమవుతుందో తెలుసా?"

ఆమె బిగుసుకుపోయింది. ఉరిమితే నోరు తెరిచేవాళ్ళు కొందరు, మూసేసేవాళ్ళు కొందరు. కౌంటర్ దగ్గర రెండేళ్ళున్నా ఇతనికి ఆ తేడా తెలిసిరాలేదు. నేను కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగా అడిగాను.

"ఆ రొట్టెలన్నీ మీ ఇంట్లోనే తింటున్నారా?"

"రెండు నెలల నుంచమ్మా!" అని బొటబొటా ఏడ్చేసింది. "మా ఆయన రొట్టె పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోతున్నాడు. పారేయడానికి ప్రాణం ఒప్పదు. ఈ వీధిలో ఇది మామూలేనమ్మా. సగం రిటైరయ్యి వచ్చేవాళ్ళు ఇక్కడో ఫ్లాటు తీసుకుంటారు, నాలుగు రోజులు తిరిగొస్తామని వెళ్తారు, నెల్లాళ్ళు రారు. రోజులు నిలబెట్టమని నాకు చెప్పి పోతారు. దీపం వెయ్యాలి, పంపు తిప్పాలి, చీటీలు చెయ్యాలి. నేను మూడిళ్ళకి నిలబెడుతున్నాను. ఈయన మాత్రం అలాంటివాడు కాదు. నూట ఇరవై రోజులు ఒక్క రాత్రి కూడా కదల్లేదు."

"నూట ఇరవై ఒకటో రోజు ఏం జరిగింది?"

"పొద్దున ఏడు గంటలకి కిందికి దిగారు. చేతిలో చిన్న సంచి. పక్కన ఒక కుర్రాయన, నలభై ఉంటాయేమో, మంచి చొక్కా, బావా బావా అంటూ ఒకటే నవ్వులు. పళ్ళాయన నాకు తాళంచెవి ఇచ్చి, మూడు రోజుల్లో వచ్చేస్తానమ్మా, కిటికీలు తెరిచి మూస్తూ ఉండు, అంతే అన్నారు. చీటీల మాట ఎత్తలేదు. నాలుగో రోజు ఆ కుర్రాయన ఒక్కడే వచ్చాడు. బావకి ఇంకో చోట పని తగిలింది, రోజులు నిలబెట్టు అని లిస్టు ఇచ్చాడు."

"అదీ!" అన్నాడు స్కేలు. "తాళంచెవి స్వయంగా ఇచ్చాడు. విన్నారుగా?"

"నువ్వు వినలేదు. మూడు రోజులన్నాడు. కిటికీలన్నాడు. క్లినిక్‌కి నిన్న ఫోన్ చేశాను, అక్కడా తన చేత్తో రాసింది మూడు రోజుల సెలవే. ఆ తర్వాతవన్నీ మెసేజిలు. మోసం చెయ్యాలనుకున్నవాడు కిటికీలు తెరవమని చెప్పి పోతాడా?"

లాండ్రీ ఆమె నడుం సంచిలోంచి లిస్టు తీసి నా చేతిలో పెట్టింది. టైపు చేసిన కాగితం. రోజు నంబరు, ఏం చెయ్యాలి, ఎన్ని గంటలకి. చివరి వరస ఇవాళ్టిది: "183. రొట్టె, దీపం, టిక్కు. ఇవాళ్టితో పని ముగిసింది. తాళంచెవి పోస్టులో పంపెయ్యి. ఇక ఎవరూ రారు."

ఆ ఆఖరి మాట రెండుసార్లు చదివాను. ధ్రువపత్రం చేతికి వచ్చేదాకా పళ్ళాయన కావాలి. బొటనవేలి ముద్ర వెయ్యడానికి మనిషి బతికుండాలి. అది వచ్చాక, అధికార పత్రం రద్దు కాకుండా ఉన్నంతకాలం, బావమరిది సంతకంతోనే బ్యాంకు తాళం తీస్తుంది. అప్పుడు పళ్ళాయన ఎవరికీ అక్కర్లేదు. పైగా ఇన్నాళ్ళు ఎక్కడున్నాడో చెప్పగలిగే ఒకే ఒక్క మనిషి ఆయనే.

"పద," అన్నాను స్కేలుతో.

"నేనెందుకు?"

"నీకు దొంగ కావాలి. నాకు మనిషి కావాలి. ఆ ఇద్దరూ ఒకే ఆఫీసుకి రావాలి."

పదకొండు ఇరవైకి నివాసాల ఆఫీసులో ఉన్నాం. నాలుగు కౌంటర్లు, వాటిలో మూడు మూసేశారు. తెరిచి ఉన్న దాంట్లో జుట్టు నెరిసిన గుమాస్తా, ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో. స్కేలు నన్ను తోసుకుని ముందుకెళ్ళి తన శాఖ ఉత్తరం గాజు కింద నుంచి పెట్టాడు. ఆమె చదివి, మడిచి, తిరిగి తోసింది.

"పై ఆఫీసుకి రాయండి. ఇరవై పనిదినాల్లో జవాబిస్తారు."

"మనిషి ప్రాణం మీదికొచ్చింది!"

"ప్రాణానికి మూడో కౌంటరు. అది మూసేశారు."

అతన్ని పక్కకి జరిపాను. ఆమె చేతి పక్కన చెక్కపిడి స్టాంపు ఉంది, దాని సిరా మెత్త ఎండి అంచులు లేచిపోయాయి.

"ఆ మెత్తలో రెండు చుక్కలు గ్లిజరిన్ వెయ్యండమ్మా," అన్నాను. "సిరాతో పాటు. వేసవిలో నాకూ ఇదే గోల. ఇరవై రెండేళ్ళు కొట్టాను, భుజం ఇంకా నొప్పే."

ఆమె కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "కుడి భుజమేనా?"

"కుడిదే. చలికాలం దువ్వెన కూడా ఎత్తలేను."

"నేనూ అంతే," అంది. అంతవరకూ రాయిలా ఉన్న మొహం ఇంట్లో మనిషి మొహమైంది. నేను పళ్ళాయన ఫోటో గాజుకి ఆనించి, ఆయన భార్య కోసం వచ్చానన్నాను. ఇంకేం చెప్పలేదు.

ఆమె వెనక్కి చూసి గొంతు తగ్గించింది. "ఎనిమిది నలభైకి తలుపు తీయగానే వచ్చారు. ఇంకో ఆయన వెంట. కాగితాలన్నీ ఆయనే పెట్టాడు, అన్నీ వరసగా ఉన్నాయి. కానీ ఒక రాత్రి తక్కువైంది. నూట ఎనభై రెండే గడిచాయి. రేపు తొమ్మిదికి రమ్మన్నాను. వెంట వచ్చినాయన కాసేపు గొడవపడ్డాడు, వాళ్ళ దేశంలో వచ్చిన రోజు కూడా లెక్కేనట. మీ దేశంలో ఇప్పించుకోండి అన్నాను."

ఇరవై రెండేళ్ళలో నేను ఎంతమంది గుమాస్తాల మొండితనాన్ని తిట్టుకున్నానో లెక్కలేదు. ఈవిడ మొండితనానికి మాత్రం చేతులెత్తి మొక్కాలనిపించింది.

"ఆ మనిషి ఆయనేనా? బాగా చూశారా?"

"రేపటికి సిద్ధంగా ఉంటుందని బొటనవేలి ముద్ర ముందే తీసుకుందామనుకున్నాను. యంత్రం మూడుసార్లు వద్దంది. ఆయన నవ్వి, ముప్పై ఏళ్ళు సున్నం పిసికి, పళ్ళు రుద్ది రుద్ది నా గీతలు అరిగిపోయాయమ్మా, మీ తప్పు కాదు అన్నాడు. రేపు కంటి ఫోటో తీస్తానన్నాను."

నేను వెనకున్న బల్ల మీద కూలబడ్డాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వేరే ఎవణ్ణి తెచ్చి నిలబెట్టినా ఆ యంత్రం ఒక్క దెబ్బకి ఒప్పుకునేది. ఒప్పుకోలేదంటే అది పళ్ళాయన వేలే. మూడు గంటల కిందట ఆయన బతికే ఉన్నాడు, నవ్వాడు, జోకు కూడా వేశాడు.

"భయంగా ఏమైనా ఉన్నాడా?" అన్నాడు స్కేలు. ఈసారి ఉరమలేదు.

"భయమా? లేదు. పన్నులవాళ్ళు తన కోసం వెతుకుతున్నారట, అందుకని రెండు నెలలుగా ఎక్కడో మూల ఇంట్లో ఉన్నానన్నాడు. ఫోన్ కూడా లేదట. రేపటితో అయిపోతుంది, మా ఆవిడతో మాట్లాడతాను, దాని మోకాలు ఎలా ఉందో ఏమో అన్నాడు. వెంట వచ్చినాయన, అక్కకి నేను రోజూ చెబుతున్నాగా బావా అన్నాడు."

స్కేలు మొహం నల్లబడింది. పన్నులవాళ్ళు అన్న ఆ బూచి తనే. అయితే అతను ఈ కేసులోకి వచ్చి నిండా తొమ్మిది రోజులు కాలేదు. అరవై రెండు రోజుల కిందట పళ్ళాయన కోసం ఎవరూ వెతకలేదు.

"నేను ఎవర్నీ..." అని ఆగిపోయాడు.

"తెలుసు. నీ పేరు చెప్పి ఆయన్ని దాచేశాడు. ఆయన పాపం నీకు భయపడి, నమ్మినవాడి చేతిలో కూర్చున్నాడు. ఇక్కడి పోలీసులకి చెప్పు. నీ ఉత్తరానికి వాళ్ళ దగ్గరైనా విలువ ఉంటుంది. ఇంకా మనకి ఒక రాత్రి ఉంది. రేపు తొమ్మిదిదాకా వాడు ఆయన్ని పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడు."

అతను ఫోన్ తీసి తలుపు వైపు నడిచాడు. నేను హెడ్ నర్సుకి కలిపాను. పదకొండు యాభై. ఆయన బతికున్నాడని ముందు చెప్పాలి. ఆ తర్వాత తమ్ముడి సంగతి. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఒక్క రింగుకే ఎత్తింది.

"సిస్టర్, మీ ఆయన క్షేమంగా ఉన్నారు. పొద్దున ఎనిమిది నలభైకి ఇక్కడికి వచ్చారు. మీ మోకాలి గురించి అడిగారు."

అవతల చాలాసేపు ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు. నేను ఆగాను. ఆ ఏడుపు వినడం నాకు హాయిగా ఉంది, అబద్ధం ఎందుకు.

"నాకు తెలుసు మేడమ్, మీరు పట్టుకుంటారని," అంది చివరికి. "పొద్దున మీ మెసేజి చూసి ఆగలేకపోయాను. అప్పుడే మా తమ్ముడికి ఫోన్ చేశాను. ఆవిడ క్యాలెండరు చూసింది, పదకొండున్నరకి ఆఫీసుకి వెళ్తోందని చెప్పాను."

"ఏమన్నాడు?"

"వాడూ సంతోషపడ్డాడు. ఇంక ఆవిడతో పనిలేదక్కా, రేపటిదాకా కూడా ఆగక్కర్లేదు, ఇప్పుడే వెళ్ళి బావని ఆ ఇంట్లోంచి తీసుకొచ్చేస్తా అన్నాడు. రెండు గంటలు కావొస్తోంది. ఈపాటికి..."

మాట మధ్యలో ఆగిపోయింది. వెనకాల ఆస్పత్రిలో ఎవరో ఆమెని పిలుస్తున్నారు.

"మేడమ్," అంది, అది నర్సు గొంతు, రోగి పక్కన నాడి చూసేటప్పటి గొంతు. "ఆయన ఏ ఇంట్లో ఉన్నారో మీకూ తెలీదు, నాకూ తెలీదు. మా తమ్ముడికి ఎలా తెలిసింది?"